వంతెనను బట్టి వరస

పోయిన ఆదివారం పొద్దున్న పదింటికి మా ఇంటి ముందు కారాగింది. హైదరాబాదు నుంచి రెండు రోజులుండి వెళ్దామని వచ్చిన భార్యాభర్తలు. గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున, కొబ్బరితోటలో మేం నడుపుతున్న నాలుగు గదుల హోమ్‌స్టేకి ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. ఆవిడ చేతిలో బ్యాగు కిందపెట్టకుండానే, "ఇంతకీ మేం మీకేమవుతామండీ?" అనడిగింది.

నేను తెల్లబోయాను. ఆవిడే నవ్వి చెప్పింది. పోయినేడు మా దగ్గరికొచ్చి వెళ్ళిన వాళ్ళ ఆఫీసు స్నేహితురాలు చెప్పిందిట. అక్కడ ఒక పెద్దాయన ఉంటాడు, దిగగానే వరస కలుపుతాడు, ఉన్నన్నాళ్ళూ ఆ వరసతోనే ఊరంతా తిప్పుతాడు, తిరిగొచ్చేసరికి మనకి పాతికమంది చుట్టాలు తయారవుతారు అని. "ఏరండీ ఆయన?" అంది.

"పోయారండి. శ్రావణమాసంలో."

ఆవిడ అయ్యో అంది. నేను గది తాళం ఇచ్చి, కాఫీ పంపిస్తానని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. వచ్చానే గానీ మనసు మనసులో లేదు. ఆవిడ అడిగింది ఏనుగునా, గుర్రాన్నా? ఒక్క వరస. అదీ చెప్పలేకపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయకపోవడానికి పెద్ద కారణమేం లేదు, ఊళ్ళో ఎవరూ ఆ పేరు వాడేవాళ్ళు కాదు. ఒకరికి మావయ్య, ఒకరికి పెదనాన్న, ఇంకొకరికి బావ. నాకు బాబాయ్. హోమ్‌స్టే దరఖాస్తులో గైడు పేరు రాయాల్సివచ్చి అడిగితే, "ఇప్పుడెందుకమ్మాయ్, అరవై అయిదేళ్ళబట్టి దాంతో పని పడలేదు కదా" అన్నారు. చివరికి ఆధార్ కార్డు చూసి రాసుకున్నాను. అందులో ఫొటో కూడా ఎవరిదోలాగే ఉంది, ఎందుకంటే అందులో ఆయన నోరు మూసుకుని ఉన్నారు.

పొట్టిమనిషి. భుజం మీద తువ్వాలు, చేతికి గడియారం లేదు గానీ టైము అడిగితే ఏటివైపు చూసి చెప్పేవారు, అది ఎప్పుడూ అరగంట తప్పే. మా రేవులో పంటు నడిచిన రోజుల్లో ఆయన దాని మీద టిక్కెట్లు కొట్టేవారు. మనుషుల్నీ, మోటారుసైకిళ్ళనీ, గడ్డిమోపుల్నీ, గేదెల్నీ ఒక్కసారే ఏరు దాటించేది పంటు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసి, దిగువన వంతెన కట్టాక పంటు ఆగిపోతే ఇంటికొచ్చారు. పని పోయింది గానీ అలవాట్లు పోలేదు. ఏదన్నా చూపించాలంటే ముందు బొటనవేలు నాలిక మీద తడిచేసుకునేవారు, టిక్కెట్టు చింపబోతున్నట్టు. గెస్టులతో బయల్దేరేముందు తలలు లెక్కపెట్టి, "ఇంకొకళ్ళు పడతారు" అనేవారు. ఇద్దరున్నా అంతే, పన్నెండుమందున్నా అంతే. వడ్డనలో కూడా అదే మాట. చాలు బాబోయ్ అని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి లోపలికి చూసి, "ఇంకొకటి పడుతుందండి" అనేవారు.

టిక్కెట్టిస్తూ "ఎవరింటికండి?" అనడగడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు, వట్టి నోటిదురద. ముప్పై ఏళ్ళ నోటిదురదకి చుట్టుపక్కల ఊళ్ళ చుట్టరికాలన్నీ ఆయన బుర్రలోకి చేరాయి.

మేం గదులు మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు తనంతట తనే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తోటలో ఫొటోలు తీసుకుంటున్న కుర్రకారుని చూస్తూ, "వీళ్ళంతా ఎవరి తాలూకమ్మాయ్?" అన్నారు.

"ఎవరి తాలూకూ కాదు బాబాయ్, టూరిస్టులు."

"ఎవరి తాలూకూ కాకుండా మనిషి ఏరెలా దాటతాడు?" అని కాసేపు ఆలోచించి, లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. "ఏ వంతెన మీదుగా వచ్చారండీ?" అనడిగారు.

అక్కణ్ణుంచి మొదలైంది. ఆయన లెక్క చాలా తేలిక. ఆయన తల్లిది గౌతమి అవతల, తండ్రివైపు వాళ్ళది వశిష్ఠ అవతల. మా ఊరు రెండు పాయలకీ మధ్య. కాబట్టి జొన్నాడ దగ్గరో, యానాం దగ్గరో గౌతమి దాటి వచ్చినవాళ్ళు అమ్మవైపు వాళ్ళు. మగాళ్ళు బావలు, ఆడవాళ్ళు వదినలు. సిద్ధాంతం మీదుగానో, పాలకొల్లు వైపు నుంచో వశిష్ఠ దాటి వచ్చినవాళ్ళు నాన్నవైపు వాళ్ళు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వయసు చిన్నదైతే కొడుకులు, కూతుళ్ళు. నేను పాలకొల్లు నుంచి కాపరానికి వచ్చినదాన్ని, అందుకే కూతురి వరస. అసలు ఎక్కడి నుంచి బయల్దేరారన్నది ఆయనకి అనవసరం. ఢిల్లీ అయినా, దేశంకాని దేశమైనా చివర్న ఏదో ఒక వంతెన ఎక్కకుండా మా ఊరికి రాలేరు కదా.

ఒక్కసారి వరస తేలిందా, మిగతాదంతా దాన్నిబట్టే. నాన్నవైపు వాళ్ళకి పెద్దమనిషి తరహా మర్యాద. ఏటిగట్టు మీద మెల్లగా నడిపించి, నీడ చూసి కూర్చోబెట్టి, వరదలో ఏటి మధ్య లంక ఏ మేరకి కోతపడిందో, మళ్ళీ ఎక్కడ మేట వేసిందో చెప్పేవారు. అమ్మవైపు వాళ్ళ పని అయిపోయినట్టే. బావలకి వెటకారం తప్ప ఇంకో భాష లేదు. కొబ్బరి దింపు చూపిస్తూ, "మీరు ఎక్కుతానంటే తాడిస్తాను బావగారూ, దిగడం మాత్రం మీ పూచీ" అనేవారు. కొంగల్ని చూసి పెద్ద కెమెరా తీసిన బావతో, "అది మిమ్మల్నెప్పుడో చూసేసిందండి, మీరింకా మూత తియ్యలేదు" అనేవారు. అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళ దగ్గరికి వదినల్ని తీసుకెళ్ళి, అక్కడ ఒకావిణ్ణి చూపించి, "ఈ పువ్వు నా పెళ్ళికిద్దామని మొదలుపెట్టిందండి, ఇంకా అల్లుతోంది" అనేవారు. ఆవిడ తల ఎత్తకుండానే, "పెళ్ళికొడుకు మంచివాడైతే ఎప్పుడో పూర్తి చేసేదాన్నండి" అనేది. ఏ చలిదేశం నుంచో ఒంటరిగా వచ్చిన ఒకావిడ నాలుగు రోజులుండి, తెలుగులో రెండు ముక్కలు నేర్చుకుంది. ఒకటి "చాలు." రెండోది "పో బావా." రెండూ ఆయన మీదే వాడింది.

ఒకసారి నలుగురు కుర్రాళ్ళు రాజమండ్రిలో రైలు దిగి జొన్నాడ మీదుగా వచ్చారు. తిరుగు ప్రయాణం సిద్ధాంతం మీదుగా, తణుకు వైపు అన్నారు. "అలా కుదరదండి. బావల్లా వచ్చి తమ్ముళ్ళలా వెళ్ళిపోతారా? రెండ్రోజులు నేను మిమ్మల్నన్న మాటలన్నీ ఏమైపోవాలి?" అని పట్టుబట్టి, వాళ్ళచేత దారి మార్పించి పంపించారు.

భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు, అందుకే పాపం అందర్నీ కలుపుకుంటాడు అనేవాళ్ళు ఊళ్ళో. ఆ మాట నాకు నచ్చదు. ఆయన బాధ కొద్దీ చేసిన పని కాదది, సరదా కొద్దీ చేసింది.

ఆ సరదా ఒకసారి మా పీకలమీదికి తెచ్చింది. నాలుగేళ్ళ కిందట మా ఇంటికి హోమ్‌స్టే అనుమతి కావాల్సివచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి అన్నీ చూసి, సరే అని రాయాలి. రాయకపోతే గదులకి తాళాలే. ముందురోజే బాబాయ్‌ని కూర్చోబెట్టి చెప్పాను. "రేపొక్కపూటా వరసలొద్దు బాబాయ్. సార్ అనండి చాలు."

"ఆయ్. అలాగేనమ్మాయ్."

వచ్చినాయన రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి. చేతులకి గుండీలు పెట్టిన తెల్లచొక్కా, చంకలో ఫైలు, జేబులో టేపు. మొహాన నవ్వన్నది లేదు. దిగినప్పట్నుంచీ ఒకటే మాట, "కాగితాలున్నాయా?" ఇంటి కాగితాలు, పడవ కాగితాలు, కరెంటు కాగితాలు. బాబాయ్ గంటసేపు బుద్ధిగా సార్, సార్ అంటూ వెనకాలే తిరిగారు. నాకే జాలేసింది.

రేవులో నిలబడి ఆ అధికారి మామూలుగానే అడిగారు. "ఇది ఏ పాయ?"

"వశిష్ఠ సార్. తమరు కాకినాడ నుంచి యానాం మీదుగా దాటొచ్చింది గౌతమి," అన్నారు బాబాయ్. అని, బొటనవేలు నాలిక మీద పెట్టుకుని అలాగే ఆగిపోయారు. గౌతమి అన్న మాట ఆయనకి ఆయనే చెప్పుకున్నారు. ఇంక ఆపడం ఎవరి తరం?

పడవలోకి వేసిన బల్లమీద ఆ అధికారి ఆచితూచి అడుగేస్తుంటే మొదటి మాట పడింది. "నెమ్మదిగా రండి బావగారూ, ఏరు ఎక్కడికీ పోదు." ఆయన వెనక్కి తిరిగి చూశారు. తిరిగొచ్చాక గదిలో టేపు పెట్టి కొలుస్తుంటే, "బాగా కొలుచుకోండి, మీ అమ్మాయి మా ఇంటికి కాపరానికొస్తే మంచం పట్టాలి కదా" అన్నారు. మంటలార్పే సిలిండరు ఏదని అడిగితే, "ఏటి ఒడ్డున ఇల్లు కదండీ అనుకున్నాం. మీరన్నారు కాబట్టి కొంటాం బావగారూ. మీరొచ్చినప్పుడల్లా దుమ్ము దులిపి పెడతాం" అన్నారు. నేను పక్కనుంచి కళ్ళతో బతిమాలాను, పళ్ళు కూడా కొరికాను. ఆయన నావైపు చూస్తేగా.

భోజనాల దగ్గర అసలుది జరిగింది. చివర్న పూతరేకులు పెట్టాం. పూతరేకంటే తెలుసుగా, బియ్యప్పిండితో కాగితంలాంటి రేకు తీసి, నెయ్యి రాసి, పంచదార చల్లి మడిచింది. బాబాయ్ తన చేత్తో ఒకటి తీసి ఆ అధికారి విస్తట్లో వేశారు. ఆయన కొరికారు. నమిలారు. ఇంకా నమిలారు. ఎంత నమిలినా కరగడం లేదు. చివరికి రెండు వేళ్ళతో నోట్లోంచి లాగితే, నెయ్యిలో నానిన తెల్లకాగితం. రేకుల మధ్య మడత పెట్టి ఉంది.

"పొద్దుట్నుంచీ కాగితాలు కాగితాలని అడుగుతున్నారు కదా బావగారూ," అన్నారు బాబాయ్, "ఆకలి మీదున్నారనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ అధికారి ఆ కాగితాన్ని చిన్నగా మడిచి, చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నారు. చెయ్యి కడుక్కున్నారు. వెళ్ళొస్తాననైనా అనకుండా జీపెక్కి వెళ్ళిపోయారు.

నేను బాబాయ్‌ని అనరాని మాటలన్నాను. మా రెండేళ్ళ కష్టం ఒక్క పూతరేకుతో ఏట్లో కలిపారన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "బావ వరసమ్మాయ్, ఊరుకుంటే బావుండదు కదా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఇంక మీరు రానక్కర్లేదు" అన్నాను. ఆయన గట్టు దిగి వెళ్ళిపోయారు.

మూడు వారాలు రాలేదు. వచ్చిన గెస్టులకి నేనే ఊరు చూపించాను. అది కొబ్బరితోట, ఇది ఏరు అని చెప్పాను. వాళ్ళు బాగుందన్నారు, ఫోన్లు చూసుకున్నారు, చీకటి పడకుండా గదుల్లోకి వెళ్ళిపోయారు. ఎవరికీ ఎవరూ ఏమీ కాలేదు. ఆ మూడు వారాల్లో నాకు తెలిసొచ్చింది, జనం చూడ్డానికి వస్తున్నది ఏటినే అయినా, మళ్ళీ రావడానికి కారణం ఏరు కాదని.

నాలుగో వారం అనుమతి కాగితం వచ్చింది. కింద ఒకటే షరతు, మంటలార్పే సిలిండరు పెట్టాలని. ఆ వెంటనే ఆదివారం అదే అధికారి, ఆఫీసు జీపులో కాదు, సొంత కారులో, భార్యతో దిగారు. నేను కంగారుగా ఎదురెళ్ళాను. ఆవిడ నమస్కారం పెట్టి, "మా ఆయన నోట్లో కాగితం పెట్టినాయన ఎవరండీ?" అంది.

తప్పైపోయిందండి అని నేను మొదలుపెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "తప్పేంటండి. నాకు అన్నదమ్ముల్లేరు. మా పెళ్ళై ముప్పయ్యేళ్ళయింది, ఈయన్ని బావా అని ఏడిపించిన మనిషి ఒక్కడు లేడు. ఆవేళ ఇంటికొచ్చి, ఆ కాగితం టేబుల్ మీద పెట్టి, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన్ని చూడాలండి నేను."

నేనే పరిగెత్తాను. అవును, ఈ వయసులో, గట్టు మీద, చెప్పులు చేత్తో పట్టుకుని. బాబాయ్ వాళ్ళ అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నట్టు నటిస్తున్నారు. ఆయనకి వల పని రాదు. "రండి బాబాయ్, నాదే తప్పు" అన్నాను. "తప్పేముందమ్మాయ్, పంటు కూడా అప్పుడప్పుడు ఇసకలో దిగబడుతుంది" అని లేచారు.

వచ్చి ఆవిడ ఎదుట నిలబడి, "మీ పుట్టిల్లెక్కడమ్మా?" అనడిగారు.

"తణుకు దగ్గరండి. అమ్మానాన్నా పోయాక అక్కడెవరూ లేరు."

"అంటే వశిష్ఠ అవతల. బావగారి భార్యగా చూసినా చెల్లెలివే, పుట్టింటి వంతెనను బట్టి చూసినా చెల్లెలివే. రెండువైపుల్నించీ సరిపోయింది," అన్నారు. ఆ మాటకి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ అధికారి మాత్రం కారులోంచి గొట్టం కాజాల డబ్బా తెచ్చి మూత తీసి, "తీసుకోండి బావగారూ" అన్నారు. బాబాయ్ ఒకటి తీసుకుని కొరికారు. లోపల పాకం ఉండాల్సిన చోట మిరియాల నీళ్ళున్నాయి. బాబాయ్ మొహం ఎర్రగా కందింది. దగ్గి దగ్గి, నీళ్ళు తాగి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని నాతో అన్నారు. "ఇప్పుడు కుదిరిందమ్మాయ్ వరస."

ఆవేళ సాయంత్రం చెల్లెల్ని పసుపు, కుంకుమ, చీర పెట్టి పంపారు. అప్పట్నుంచీ ప్రతి ఏడూ దీపావళి వెళ్ళిన రెండోనాడు, విదియకి, భగినీ హస్త భోజనమని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కాకినాడ బస్సెక్కేవారు. చెల్లెలి చేతివంట తినాలి కదా. డబ్బా నిండా పూతరేకులు పట్టుకెళ్ళేవారు. అందులో ఒక దాంట్లో కాగితం. అటునుంచి కాజాలు, అందులో ఒక దాంట్లో మిరియాలు. ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం వాళ్ళు ఇటు వచ్చి చీర పెట్టించుకుని వెళ్ళేవారు.

శ్రావణంలో ఆయన నాలుగు రోజుల జ్వరంతో పోయారు. తణుకు నుంచి ఆయన అన్నగారి అబ్బాయి వచ్చి అన్నీ సవ్యంగా జరిపించాడు. ఆ హడావిడిలో కాకినాడ వాళ్ళకి చెప్పాలన్న మాటే నాకు తట్టలేదు. అది నా పొరపాటు, దాన్ని సమర్థించుకోను.

పోయిన ఆదివారం, ఆ హైదరాబాదు వాళ్ళకి కాఫీ పంపించి నేను వంటింట్లో కూర్చున్నానని చెప్పాను కదా. పదిన్నరకి ఇంకో కారాగింది. కాకినాడ ఆవిడా, రిటైరైన ఆ అధికారీ. గేటు దగ్గరే నిలబడిపోయారు. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడితే చూడలేకపోయాను.

"విదియనాడు వండుకుని కూర్చున్నానండి," అంది. "మధ్యాహ్నం దాకా రాకపోతే అన్నయ్య నంబరుకి ఫోన్ చేశాను. వాళ్ళ అన్నగారబ్బాయి ఎత్తాడు." రేవువైపు చూసింది. "లేకలేక ఒక పుట్టిల్లు దొరికిందనుకున్నాను. ఇంక ఎవరున్నారని రావాలి? ఒక్కసారి రేవు చూసి వెళ్ళిపోదామని వచ్చామండి."

నిజమే కదా, ఆవిడ మాకేమవుతుంది? ఒక మనిషి ఏటి ఒడ్డున నిలబడి కల్పించిన చుట్టరికం. ఆ మనిషే లేడు. అప్పుడు నా వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. ఆయన నాకు బాబాయ్. బాబాయ్ చెల్లెలు.

"మీరు నాకు మేనత్తండి," అన్నాను. "మేనత్త పుట్టింటికి రావడానికి మేనకోడల్ని అడుగుతుందా? లోపలికి రండి అత్తా. చీర నేను తీసుంచాను," అన్నాను. తీసుంచలేదు. బీరువాలో కొత్తది ఒకటుంది, అది పెడదామని అప్పుడే అనుకున్నాను.

ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఆవిడ భుజం మీంచి చూస్తే వెనకాల ఆ పెద్దమనిషి, చేతిలో కాజాల డబ్బా పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడున్నారు.

"విదియకని చేశానమ్మా," అన్నారు. "అలవాటుగా ఒకటి. పారెయ్యబుద్ధి కాలేదు."

"ఏది మావయ్యగారూ అది? ఇలా ఇవ్వండి."

"వద్దమ్మా, ఘాటు."

"తెలుసండి. ఇవ్వండి."

ఇచ్చారు. నోట్లో పెట్టుకుని ఒక్కసారే కొరికాను. ముక్కులోంచి, చెవుల్లోంచి పొగలొచ్చాయి. నేను వరండాలో గంతులేస్తుంటే మావయ్య బిగ్గరగా నవ్వారు, నాలుగేళ్ళలో నా ఎదుట మొదటిసారి. అత్త ఏడుస్తూనే నవ్వుతూ మంచినీళ్ళకి వంటింట్లోకి పరిగెత్తింది, నేరుగా, ఎవర్నీ అడగకుండా.

ఈ గొడవకి హైదరాబాదు ఆవిడ కాఫీ గ్లాసుతో గదిలోంచి బయటికొచ్చి, ఏం జరుగుతోందో అర్థంకాక మమ్మల్నే చూస్తోంది. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. నాకు తెలియకుండానే బొటనవేలు నాలిక మీదికి వెళ్ళింది.

"పొద్దున్న మీరడిగినదానికి జవాబు చెప్పలేదండి నేను," అన్నాను. "ముందు మీరిది చెప్పండి. ఏ వంతెన మీదుగా వచ్చారు?"